కాల్చిన చేపయు నిమ్మరసమును

చేపను నిప్పులపైఁ గాల్చి, నిమ్మరసమును పచ్చి యాకులను జేర్చి భుజించుట అనేక దేశములయందు వాడుకలో నున్నది. వంటకము సులభమైనదే. కాని నిమ్మరసము పిండినచో పాత చేపయు బాగగునని పలువురు నమ్ముచుండుట మేము వినుచున్నాము. ఈ నమ్మకమువలన ఆరోగ్యమునకు హాని కలుగును. కావున ఈ వంటయం దేది యే పని చేయునో కొంచెము వివరింతుము.

మొదట చేప తాజాదై యుండవలయును. కన్నులు నిర్మలముగాను, మొప్పలు ఎఱ్ఱగాను ఉండుట, వ్రేలితో నొక్కిన చోటు వెంటనే పైకి లేచుట దీనికి గుర్తులు. కాల్చుటకు చందువ, పండుగప్ప తగినవి. పొలుసు గీఁకి, ప్రేవులు తీసి, కడిగి, తడి లేకుండఁ దుడిచి, ఇరుప్రక్కల గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, అల్లము, వెల్లుల్లి నూఱి పట్టించి, నిమ్మరసము పిండవలయును.

సముద్రపు చేప చచ్చిన పిదప దాని మాంసమునందలి యొక పదార్థమును సూక్ష్మజీవులు ట్రైమిథైలమీన్ అను క్షారముగా మార్చును. నీచువాసనకు ముఖ్యకారణ మిదియే. నిమ్మరసమునందలి సిట్రిక్ ఆమ్లము ఈ క్షారముతోఁ గలిసి లవణ మగును. లవణము ఆవిరియై లేవదు గనుక వాసన ముక్కునకు సోఁకదు. చింతపండుతో చేపల పులుసు కాఁచు మన తల్లుల పద్ధతియందును ఈ న్యాయమే యున్నది.

అయితే వాసన అణఁగిన మాత్రమున చెడిన చేప మంచిది కాదు. కానాగంత మొదలగు కొన్ని చేపలు వేఁడిలో నిలువయున్నచో వానియందు హిస్టమిన్ అను పదార్థము హెచ్చుగాఁ బుట్టును. అట్టి చేపను దినినవారికి మొగ మెఱ్ఱబడుట, తలనొప్పి, దద్దురులు కలుగవచ్చును. దానిని నిమ్మరసము గాని వంటవేఁడి గాని పోఁగొట్టఁజాలవు. పట్టినది మొదలు చేపను మంచులో నుంచుటయే నివారణోపాయము. మఱియు నిమ్మరసములో నానిన మాంసము తెల్లబడి వండినట్లు కనఁబడును. అది ఆమ్లమువలన మాంసకృత్తులు గట్టిపడుటయే గాని క్రిములన్నియు నశించుట కాదు. పైఁగా గంటలకొలఁది నానినచో ముక్క బిరుసెక్కును, పావుగంట చాలును.

ఇఁక అగ్నినిగూర్చి. చేప కండపోగులు పొట్టివి. వానిని గూర్చు పొర పలుచనిది, కొంచెము వేఁడికే కరఁగును. కావున మంటపైఁ గాక, పైని బూడిద కమ్మిన బొగ్గునిప్పులపై, నూనె రాచిన యినుపచువ్వలమీఁద నుంచి కాల్పవలయును. అంగుళము మందమునకు మొత్తము సుమారు 10 నిమిషములు పట్టును. నడుమ నొకసారి త్రిప్పవలెను. లోపలి కండ 63 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడి కెక్కవలయును. తెల్లనై పొరలుగా విడివడుట చూచి ఉడికినదని యెఱుంగవచ్చును.

కొత్తిమీర, పుదీనా ఆకుల సువాసన తేలికగా నెగిరిపోవు తైలములవలనఁ గలుగునది. వానిని నిప్పులపై నుంచినచో పరిమళము పోయి మాడుచేఁదు మిగులును. నిమ్మరసమునందలి ‘సి’ విటమినును వేఁడికి కొంత నశించును. కావున తరిగిన ఆకులను, మఱియొక నిమ్మచెక్క రసమును వడ్డించునపుడే చేర్చుట మేలు.

బాలబాలికలారా! మీరు పాఠశాలయందుఁ జదువు ఆమ్లములు, క్షారములు, లవణములు మీ వంటయింటను ఉన్నవి. అమ్మగారు చేపపై నిమ్మకాయ పిండునపుడు గమనింపుఁడు. తల్లిదండ్రులారా! చౌకగా వచ్చినదని పాత చేపను గొని నిమ్మరసముతో సరిపుచ్చ నెంచకుఁడు. తాజాదనమును అంగడిలోనే చూచుకొనవలయును. క్రిములను జంపుట అగ్ని పని. రుచి నిచ్చుట నిమ్మయు ఆకులును జేయు పని.