ముదిమి గొంతు, కొత్త పాట

కచేరీ మంచి పాకాన పడిన తరువాత సభలోనుండి విద్వాంసునికి చీటీలు అందడం మనవారందరూ ఎరిగిన వాడుకే. అడిగేవారు అడిగేది ఎప్పుడూ తెలిసిన కీర్తననే గాని, విద్వాంసుడు నిన్న మొన్న కూర్చుకొన్న కొత్త పల్లవిని కాదు. ఇందులో తప్పేమీ లేదు. తెలిసిన పాటలో శ్రోత తనను తాను కలుసుకొంటాడు. అయితే చీటీకి బదులు కేకలతోనే పని జరిగే సభలు కూడ లోకంలో ఉన్నవి. 1971 అక్టోబరు 15న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అటువంటి సభ ఒకటి జరిగినది.

ఆనాటి ఏర్పాటు పాతకాలపు రాక్ అండ్ రోల్ గాయకులను మళ్ళీ ఒకచోట వినిపించడం. వారిలో రికీ నెల్సన్ ఒకడు. తల్లిదండ్రులతో కలిసి టెలివిజనులో కనిపిస్తూ అమెరికాలో ఇంటింటికీ తెలిసిన పిల్లవాడై, 1957లో పదిహేడేండ్ల ప్రాయాన పాటల రికార్డులతో పేరు తెచ్చుకొన్నవాడు. ఆ రాత్రి జుట్టు పెంచుకొని, కొత్త వేషంలో వేదిక ఎక్కినాడు. పాత పాటలు పాడినంతసేపు సభ మురిసినది. కొత్త వరసలోకి దిగగానే కేకలు లేచినవి. అవి నెల్సన్‌ను ఉద్దేశించినవి కావనీ, వెనుక వరుసలలో తాగి అల్లరి చేస్తున్నవారిని పోలీసులు వెడలగొట్టగా పుట్టిన గొడవ అనీ చెప్పేవారున్నారు. ఏదైనా, ఆ గాయకుని చెవికి మాత్రం అవి తన కొత్తదనంమీద పడిన రాళ్ళే. ఆయన వేదిక దిగి వెళ్ళిపోయినాడు. ఆ అనుభవాన్నే ‘గార్డెన్ పార్టీ’ అనే పాటగా కట్టినాడు. 1972లో అది అమెరికా పాటల పట్టికలో ఆరవ స్థానానికి ఎక్కినది. కొత్త పాట వద్దన్నారన్న మొరయే కొత్త పాటయై నెగ్గినది! కాని ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. సభవారు ‘పాతవాడు’ అని ముద్ర వేసిన ఆ నెల్సన్‌కు అప్పటికి ముప్పది ఒక్క ఏండ్లు మాత్రమే.

రాక్ సంగీతం పుట్టుకతోనే యౌవనం పక్షం వహించినది. అమెరికా నల్లజాతివారి బ్లూస్ గానమూ, పల్లెపట్టుల కంట్రీ పాటా కలిసి, 1950ల నడుమ విద్యుత్ గిటారు పట్టుకొని బయటికి వచ్చిన సంగీతమది. పెద్దలకు నచ్చకపోవడమే దానికి మొదటి యోగ్యతాపత్రం. మన సంప్రదాయంలో విద్వాంసునికి వయస్సు ఒక భూషణం; గాత్రం తగ్గినా జ్ఞానం పెరిగినదని సరిపెట్టుకొంటాం. రాక్ గాయకునికి అట్టి ఊరట లేదు. ఇంగ్లండులోని హూ బృందం 1965లో ‘మై జనరేషన్’ అనే పాటలో ముసలితనంమీదనే కత్తి దూసినది. ఆ పాట వ్రాసిన పీట్ టౌన్‌షెండ్, పాడిన రోజర్ డాల్ట్రీ ఇద్దరూ 2019 డిసెంబరులో మళ్ళీ ఒక కొత్త సంపుటం వెలువరించినారు. అప్పటికి ఒకరికి డెబ్బది నాలుగు, మరొకరికి డెబ్బది అయిదు. కాలం ఇంతకంటె మర్యాదగా పరిహాసం చేయదు.

ఇక వారి అభిమాని సంగతి. పదునైదేండ్లప్పుడు జేబుడబ్బు కూడబెట్టి మొదటి రికార్డు కొన్నవాడు నేడు తానూ డెబ్బదిలో పడినాడు. తన గాయకుని కొత్త రికార్డు వస్తున్నదనగానే అతనికి పండుగ. సూది దించే వేళకు గుండెలో దడ. కొత్త పాట పాతదానివలెనే ఉంటే ‘పాడిందే పాట పాచిపళ్ళ దాసరి’ అని పెదవి విరుస్తాడు. వేరుగా ఉంటే ‘ఈయన ఆయన కాడు’ పొమ్మంటాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. శ్రీనాథుడు ఏ గ్రంథం ఏ వయస్సున వ్రాసినదీ కాశీఖండంలో వరుసగా చెప్పుకొన్నాడు. కాశీఖండం చదువుతూ ఇది నైషధంవలె లేదే అనుకొన్నవారు ఉండవచ్చును. మళ్ళీ నైషధమే వ్రాయుమని ఆయనను నిర్బంధించిన రసికుడు ఉన్నట్లు వినము. రాక్ అభిమాని నిర్బంధిస్తాడు. అతడు కొత్త పాటను పాత పాటతో కొలుస్తున్నాననుకొంటాడు గాని, నిజానికి కొలుస్తున్నది తన డెబ్బదిని తన పదునైదుతో.

ఈ నిర్బంధానికి లొంగని గాయకులు లేకపోలేదు. లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లీషు బృందం 1980లో తమ డ్రమ్ముల వాద్యకారుడు జాన్ బోనం చనిపోగానే చెదిరిపోయినది. 2007 డిసెంబరు 10న లండనులో ఒక్క రాత్రికోసం మళ్ళీ కూడినది; తండ్రి స్థానంలో కొడుకు జేసన్ బోనం కూర్చున్నాడు. ఆ ఒక్క కచేరీ టిక్కెట్లకు రెండు కోట్ల అభ్యర్థనలు వచ్చినవని ప్రకటించినారు. ఇక దేశాలు తిరుగుతారని లోకమంతా ఎదురుచూచినది. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ మాత్రం ఒప్పుకోలేదు. ఆ కచేరీకి కొద్ది వారాల ముందే అమెరికా గాయని ఆలిసన్ క్రాస్‌తో కలిసి ‘రెయిజింగ్ శాండ్’ అనే సంపుటం వెలువరించినాడు. ఒకనాడు కొండలు ప్రతిధ్వనించేటట్లు అరచిన ఆ గొంతు ఇందులో పక్కగదిలో పసిపాప నిదురిస్తున్నదేమో అన్నంత మెల్లగా పాడుతుంది. 2009లో గ్రామీ బహుమానాలలో ఆ ఏటి మేటి సంపుటంగా దానికే పట్టం కట్టినారు. అయినప్పటికిని నేటికీ ఆ కూడిక ఎందుకు సాగలేదని ప్లాంటును నిష్ఠూరమాడే అభిమానులున్నారు. పోగొట్టుకొన్నదాని లెక్క వారి దగ్గర ఉన్నది. వచ్చినదాని లెక్క లేదు.

బాబ్ డిలన్ కథ మరింత చిత్రమైనది. ఆయన మొదట గిటారు, నోటివాద్యమైన హార్మోనికా మాత్రమే పట్టి జానపద ఫణితిలో పాడేవాడు. 1965లో విద్యుత్ గిటారు చేపట్టగానే అభిమానులు ద్రోహం జరిగినదన్నారు. 1966 మే 17న మాంచెస్టరులో ఒక శ్రోత లేచి ఆయనను క్రీస్తును అప్పగించిన యూదాతో పోల్చి కేక వేసినాడు. డిలన్ ఆ కేకకు జవాబుగా అందుకొన్న పాట ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’. నేడు ఆయన పాటలలో అభిమానులు అన్నింటికంటె మిన్నగా కోరే పాటలలో అది ఒకటి. ఆనాడు ఛీకొట్టిన కొత్తదే ఈనాడు చీటీ వ్రాసి అడిగే పాతది! అభిమాని ఈ ఒక్క సంగతి జ్ఞాపకం పెట్టుకొంటే సగం తగవులు తీరిపోయి ఉండేవి.

2012 తరువాత ఎనిమిదేండ్లు డిలన్ స్వంత పాటల సంపుటమేదీ వెలువరించలేదు. నడుమ మూడు సంపుటాలలో తనకు ముందుతరంవారి పాత పాటలనే పాడినాడు. 2016లో నోబెల్ సాహిత్య బహుమానం వచ్చినది. ఇక వ్రాయడేమో అనుకొంటుండగా, 2020 మార్చి 27న, మహమ్మారి భయంతో లోకం తలుపులు మూసుకొన్న దినాలలో, కెనెడీ హత్యను గురించిన ‘మర్డర్ మోస్ట్ ఫౌల్’ అనే పాట విడుదల చేసినాడు. అది దాదాపు పదునేడు నిమిషాల పాట. పాట అనడంకంటె పురాణపఠనం అంటే నప్పుతుంది. డిలన్ పేరుమీద ఒక పాట బిల్‌బోర్డు పత్రిక పట్టికలలో ఒకదానికి అగ్రస్థానం పొందడం అదే మొదటిసారి. దానితో కూడిన సంపుటం ఆ జూనులో వెలువడేనాటికి ఆయనకు డెబ్బది తొమ్మిది. 2021 నవంబరులో మొదలైన సంచార కచేరీలలో ఆయన ఆ కొత్త సంపుటాన్ని దాదాపు అంతా పాడినాడు. పేరుమోసిన పాత పాటలను చాలవరకు పక్కన పెట్టినాడు. ఎక్కువగా పియానో దగ్గరనే ఉండిపోయినాడు. పాతవాటికోసం వచ్చినవారు చిన్నబుచ్చుకొన్నారు. ఆ గొంతు ఇప్పుడు బొంగురుపోయిన మాట నిజం. మాట ప్రధానమైన ఆ పాటలకు మాత్రం అదే తగిన గొంతు. ఇరువది అయిదేండ్లవాడు ఆ చరణాలను పాడితే వేషం వేసినట్లుండేది.

ముదిమిని దాచక, దానిని పాటకు వస్తువుగా చేసుకొన్నవారిలో డేవిడ్ బోయీని ముందుగా చెప్పవలసి ఉన్నది. 2003 తరువాత పదేండ్లు ఆయన కొత్త సంపుటమేదీ వెలువరించలేదు. 2013 జనవరి 8న, తన అరువది ఆరవ పుట్టిన రోజున, ముందుగా ఎవరికీ చెప్పకుండా ఒక పాట విడుదల చేసినాడు. సరిగా మూడేండ్లకు, 2016 జనవరి 8న, ‘బ్లాక్‌స్టార్’ సంపుటం వచ్చినది. యౌవనంలో ఎన్ని వేషాలు మార్చినాడో లెక్కలేని ఆ మనిషి, ఈసారి న్యూయార్కు జాజ్ వాద్యకారులను వెంటబెట్టుకొని ఎవరూ ఊహించని బాట పట్టినాడు. మొదటి రెండు దినాలు అభిమానులు ఇది ప్రయోగమనీ, చిక్కుముడి అనీ చర్చించుకొన్నారు. 10వ తేదీన ఆయన కన్నుమూసినాడు. క్యాన్సరుతో బాధపడుతూ ఆ పాటలు పాడినాడన్న సంగతి అప్పుడు గాని లోకానికి తెలియలేదు. రికార్డులో ఒక్క అక్షరమైనా మారలేదు. కాని 8వ తేదీన చిక్కుముడిగా వినిపించినది 11వ తేదీన వీడ్కోలుగా వినిపించినది.

అదే యేడు అక్టోబరులో కెనడా కవి, గాయకుడు లెనార్డ్ కోహెన్ సంపుటం వచ్చినది. వెన్నుపూసల నొప్పితో లేవలేక, లాస్ ఏంజెలిస్‌లో తన ఇంటనే కుర్చీలో కూర్చుండి పాడగా, కొడుకు ఆడం దానిని రికార్డు చేయించినాడు. మాంట్రియాల్‌లో తాను పుట్టి పెరిగిన కుటుంబం కొలిచిన యూదు ప్రార్థనాలయపు గాయకబృందమే వెనుక గొంతు కలిపినది. సంపుటం వెలువడిన పదునేడవ దినాన, ఎనుబది రెండవ ఏట, ఆయన గతించినాడు. మన ఘంటసాల కడపటి దినాలలో పాడిన భగవద్గీత ఆయన మరణించిన తరువాతనే, 1974లో, జనంలోకి వచ్చినది. దానిని వినే తెలుగువాడెవడూ అందులో పాతాళభైరవి నాటి గొంతుకోసం వెదకడు. ఆ న్యాయం కోహెన్‌కూ చెల్లుతుంది.

2023 నవంబరు 2న విడుదలైన బీటిల్స్ ‘నౌ అండ్ దెన్’ పాట అభిమానులను రెండు పక్షాలుగా చీల్చినది. జాన్ లెనన్ 1970ల చివరి భాగంలో ఇంట పియానో వాయిస్తూ పాడుకొన్న పాట ఒక క్యాసెట్టులో ఉండిపోయినది. 1980 డిసెంబరులో ఆయన హత్యకు గురియైనాడు. 1994లో భార్య యోకో ఓనో ఆ క్యాసెట్టును మిగిలిన ముగ్గురికి ఇచ్చినది. పియానో మోతలో గొంతు కలిసిపోయి పనికిరాక, వారు 1995లో విడిచిపెట్టినారు. తరువాత కంప్యూటరుకు శబ్దాలను వేరుచేయడం నేర్పిన విద్యతో పియానోనుండి గొంతును విడదీయగలిగినారు. 2001లో పోయిన జార్జి హారిసన్ 1995లో వాయించిన గిటారు కూడ అందులో చేరినది. యంత్రం సృష్టించినది ఏమీ లేదు, ఉన్నదానిని శుభ్రపరచినదంతే. పాటగా అది వారి ఉత్తమ రచనల సరసన నిలువదు. అయినను ఎనుబది ఒక్క ఏండ్ల పాల్ మెకార్ట్‌నీ, నలుబది నిండని స్నేహితుని గొంతుకు తన గొంతు చేర్చే చోట విమర్శకుని కలం కొంచెం ఆగుతుంది.

ఆ పాటకు పదమూడు దినాల ముందు, 2023 అక్టోబరు 20న, రోలింగ్ స్టోన్స్ బృందంవారి ‘హాక్నీ డైమండ్స్’ వెలువడినది. స్వంత పాటలతో వారు సంపుటం తెచ్చి పద్ధెనిమిదేండ్లయినది. ఆ పేరు లండను వాడుకలో పగులగొట్టిన కిటికీ గాజుపెంకులకు పెట్టిన ముద్దుపేరు. గాయకుడు మిక్ జాగర్‌కు అప్పటికి ఎనుబది నిండినవి. గిటారు వాయించే కీత్ రిచర్డ్స్ వ్రేళ్ళు కీళ్ళవాతంతో మునుపటివలె వంగవు. అందుచేత తన వాయింపు మారినదని ఆయన స్వయంగా చెప్పుకొన్నాడు. 1963నుండి డ్రమ్ముల దగ్గర కూర్చున్న చార్లీ వాట్స్ 2021 ఆగస్టు 24న పోయినాడు. పన్నెండు పాటలలో రెండింట మాత్రం అంతకుముందు ఆయన వాయించి ఉంచిన లయ వినవస్తుంది. ఆ రెండింటిలో ఒకదానికి, 1990ల మొదటిలోనే బృందం వదలిన బిల్ వైమన్ కూడ వచ్చి వాయించినాడు.

మెరుగు మరీ ఎక్కువైనదనీ, ముసలివారిచేత కుర్రవేషం కట్టించినారనీ ఈ సంపుటంమీద అభిమాని చేసే ఆక్షేపణ కొన్ని పాటల విషయంలో సమంజసమే. కాని అతడు ఓపికతో చివరి పాటవరకు వినవలెను. 1961 అక్టోబరులో డార్ట్‌ఫర్డు రైలుస్టేషనులో, చిన్ననాడు ఒకే బడిలో చదివి విడిపోయిన ఇద్దరు కుర్రవాళ్ళు ఎదురుపడినారు. ఒకడు రిచర్డ్స్, మరొకడు జాగర్. జాగర్ చంకలో అమెరికానుండి తెప్పించుకొన్న రికార్డులు ఉన్నవి; వాటిలో ఒకటి నల్లజాతి బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ది. ఆ మాటలోనుండి స్నేహం, స్నేహంలోనుండి బృందం పుట్టినది. బృందానికి పేరుకూడ మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాటనుండే తీసుకొన్నారు. పేరు పెట్టుకొని అరువదేండ్లు దాటినా ఆ పాటను వారు ఏనాడూ తమ సంపుటాలలో పాడలేదు. ‘హాక్నీ డైమండ్స్’ చివర పాడినారు. అందులో డ్రమ్ములు లేవు, అతిథి గాయకులు లేరు. వంగని వ్రేళ్ళతో ఒకరు గిటారు మీటుతారు. మరొకరు హార్మోనికా ఊది, పాడతారు.