రోబోకు తన శక్తి తెలియుట ఎట్లు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభములు నేలకొరిగినవి. నందిగాం ప్రాంతమువారము ఆ చీకటి దినములను మరువలేము. బ్యాటరీలో ఎంత శక్తి మిగిలి ఉన్నదో తెలియుట ఎంత అవసరమో అప్పుడు బోధపడినది. తనంత తాను తిరుగు రోబోకు ఈ ఎరుక మరింత అవసరము.

2023 జులై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3 దీనికి నిదర్శనము. సెప్టెంబరు 2న ప్రజ్ఞాన్ రోవరును నిద్రపుచ్చినప్పుడు దాని బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నది. సౌరఫలకమును రాబోవు సూర్యోదయపు వెలుగు సోకునట్లు ఉంచిరి. అది మరల మేలుకొనలేదు. అయినను బ్యాటరీ నిండినదని చెప్పగలుగుట కొలతల వలననే గదా!

సౌరఫలకమునకు, బ్యాటరీకి నడుమ ఉండు పరికరమే ఛార్జ్ కంట్రోలరు. బ్యాటరీ మితిమీరి ఛార్జి కాకుండ కాపాడుట దాని పని. అందుకై అది వోల్టేజీని ఎడతెగక కొలుచుచుండును. ఆర్‌ఎస్-485 వంటి సమాచార ద్వారము గల కంట్రోలరును రోబోలోని కంప్యూటరుకు కలిపినచో, మోడ్‌బస్ పద్ధతిలో అడిగినప్పుడెల్ల ఆ అంకెలను అందించును. సాధారణముగా ముందు బ్యాటరీని, పిదప ఫలకమును కలుపవలెను. విప్పునప్పుడు ముందు ఫలకమును విప్పవలెను.

అయితే వోల్టేజీ ఒక్కటే చూచిన మోసపోవుదుము. విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉన్న సుమారు 12.7, సగమున్న 12.2 వోల్టులు చూపును. ఎండలో ఛార్జి అగునప్పుడు అదే 14 దాటవచ్చును. మోటారు తిరుగగానే పడిపోవును. కనుక గాదెలో పోసిన ధాన్యమును, తీసిన ధాన్యమును లెక్కించినట్లు, వచ్చిన కరెంటును, పోయిన కరెంటును లెక్కింపవలెను.

ఇచ్చటనే పలువురు పొరబడుదురు. మోటారును నేరుగా బ్యాటరీకి కలిపినచో ఆ ఖర్చు కంట్రోలరుకు కనబడదు; గాదెకు దొడ్డిదారి పెట్టినట్లే. కంట్రోలరు లోడు కొనలకు కలుపుదమన్న, మోటారు మొదలగునప్పటి అధిక కరెంటును అవి తట్టుకొనలేకపోవచ్చును. అందుచే బ్యాటరీ తీగపైననే వేరొక కరెంటు సెన్సారు అమర్చుట మేలు.

మరొక జాగ్రత్త: తీగ ఊడినను కంప్యూటరులో చివరి అంకె నిలిచియుండును. ఆ పాత అంకెను నమ్మి రోబో తోట నడుమ ఆగిపోగలదు. ప్రతి అంకెతో వేళను కూడ వ్రాయించి, కొత్త అంకె రానప్పుడు అది ఇంటిదారి పట్టునట్లు ఏర్పాటు చేయవలెను.

చిన్న ఫలకము, బ్యాటరీ, మల్టీమీటరు ఉన్నచో విద్యార్థులు దీనిని ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. కంట్రోలరు చెప్పిన అంకెను మల్టీమీటరుతో సరిచూచిన పిదపనే రోబోను బయటకు పంపవలెనని మా మనవి.