ఆపిల్ చెట్టు నీడలో నలుపు లేదు

సంపాదకులు అడిగింది ఒక్కటే: పల్లె పనుల మీద ముఖచిత్ర కథనం, ఒకే బొమ్మతో, గురువారానికల్లా. నేను చిత్రకారుడు కామీ పిసారో 1888లో వేసిన ‘ఆపిళ్ల కోత, ఎరాన్యీ’ ఎంచుకున్నాను. అది ఇప్పుడు అమెరికాలోని డల్లాస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు. టికెట్ లేకుండానే చూసి రావచ్చు.

బొమ్మ పెద్దదేం కాదు. ఎత్తు రెండడుగులు, వెడల్పు ఇంకాస్త ఎక్కువ. నడుమ ఆపిల్ చెట్టు. ఒకతను పొడుగాటి కర్రతో కొమ్మలు కొట్టి కాయలు రాలుస్తున్నాడు. ఆడవాళ్లు నడుం వంచి ఏరుతున్నారు. తోట ఎవరిదో, కూలి ఎంతో బొమ్మ చెప్పదు. చెట్టు కింద నీడ దగ్గరే నా చూపు ఆగిపోయింది. దూరం నుంచి అది మామూలు నీడే. దగ్గరికెళితే నీలం, ఊదా, గులాబీ చుక్కలు. పిసారో నలుపు పూసి చేతులు దులుపుకోలేదు. కాయలు ఏరినంత ఓపికగా ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పోయాడు.

అతను ఈ ఓపికతోనే ఎంత పోరాడాడో ఒక ఉత్తరం చదివాక తెలిసింది. అదే ఏడాది సెప్టెంబరు 6న కొడుకు ల్యూసియెన్‌కు రాసినది. చుక్క ఇచ్చే స్వచ్ఛత కావాలి, చుక్క మాత్రం వద్దు అన్నది అందులో అతని బాధ. చుక్క పలచన, అందులో కండ లేదు అంటాడు. చేతి స్వేచ్ఛ, చూసిన క్షణంలోని తాజాదనం పోకుండా బొమ్మ వేయడమెలా అని మథనపడతాడు. అప్పటికి వయసు 58. ఈ చుక్కల పద్ధతి నేర్పిన చిత్రకారుడు జార్జ్ సూరా అతనికన్నా 29 ఏళ్లు చిన్న. పేరొచ్చాక కూడా కొత్తగా నేర్చుకోవడం, నేర్చుకున్నదాన్ని మళ్లీ ప్రశ్నించడం: ఈ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే. అంత మథనం నడిచిన ఏడాది బొమ్మలో తొందర మచ్చుకైనా లేదు.

మిగతా చరిత్ర క్లుప్తంగా: 1830లో కరీబియన్ దీవి సెయింట్ థామస్‌లో పుట్టాడు, 1884లో ఫ్రాన్స్‌లోని ఎరాన్యీ పల్లె చేరాడు, 1885లో సూరాను కలిశాడు, 1886 నాటి చివరి ఇంప్రెషనిస్టు ప్రదర్శనలో అతని పక్కన నిలిచాడు, 1890 ప్రాంతంలో చుక్కలు వదిలేశాడు, 1903లో పారిస్‌లో కన్నుమూశాడు.

రంగుల లెక్క

పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో అద్దకాల పని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లో ఒక పుస్తకం అచ్చువేశాడు. పక్కనున్న రంగును బట్టి ప్రతి రంగూ మన కంటికి మారి కనిపిస్తుందని అందులో వివరించాడు. చుక్కల చిత్రకారులకు అదొక ఆధారం.

జూలీ తోట

చుక్కలతో బొమ్మ తెమలడానికి చాలా రోజులు పట్టేది, కొనేవాళ్లు తక్కువ. భార్య జూలీ కూరగాయలు పండించి, కోళ్లు పెంచి పిల్లల కడుపు నింపింది. 1892లో ఎరాన్యీ ఇల్లు అమ్మకానికి వస్తే చిత్రకారుడు మొనే 15,000 ఫ్రాంకులు అప్పిచ్చాడు. పిసారో అప్పుడు లండన్‌లో ఉన్నాడు. వెళ్లి అడిగింది జూలీయే.