మాత్ర అనగా కొలత

సంస్కృతమున 'మాత్రా' శబ్దమునకు కొలత యని అర్థము. తెలుగున అదియే మందుబిళ్లకు పేరైనది. పసివారికి జ్వరమునకిచ్చు పారాసిటమాల్ విషయమున ఆ మొదటి అర్థమును మరువరాదు. వయస్సు కన్న బరువే ప్రమాణము: కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములున్న సిరప్ అయినచో 10 కిలోల బిడ్డకు 5 మిల్లీలీటర్లు చాలును. 250 ఉన్నదైనచో అందులో సగమే. చుక్కల మందు మిక్కిలి చిక్కనిది, చాలవాటిలో మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుండును. దానిని సిరప్ అనుకొని 5 మిల్లీలీటర్లు పోసినచో నాలుగింతలగును. అట్టి అధికమాత్ర కాలేయమును చెరచును.

సత్రములలో తల్లులు వంటచెంచాతో మందు పోయుట చూచుచున్నాను. చెంచా ఇంటికొక తీరు. సీసాతో వచ్చిన కొలమూతనే వాడుడు. మోతాదుల నడుమ కనీసము 4 గంటలుండవలెను, దినమునకు 4 మారులు మించరాదు. జలుబు మందులలోను ఇదే కలిసియుండవచ్చును గనుక సీసాపై చీటీ చదువుడు. ఆస్పిరిన్ పిల్లలకు వలదు. 3 నెలలు నిండని శిశువునకు జ్వరము సోకినచో మందు మీరు పోయక వెంటనే వైద్యుని కడకు కొనిపొండు.