డాన్సు హాలు ఎవరిది?

కుర్రకారు ఆటపాటలకు మరిగి చెడిపోతున్నారని పెద్దలు సణుగుతూనే ఉంటారు. అలా అనేముందు ఐర్లండు పల్లెల కథ ఒకసారి వినండి.

2008లో అక్కడ ఇళ్ల వ్యాపారం కుప్పకూలింది, బ్యాంకులు దివాళా తీశాయి. తాపీపనికీ, వడ్రంగానికీ పోయి బతికే పల్లె కుర్రాళ్లకు పని పోయింది. 2010లో ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచింది. బ్యాంకులు చేసిన అప్పు ఎవరి నెత్తిన పడింది? జనం నెత్తినే! వేలాదిమంది యువకులు ఆస్ట్రేలియాకూ, కెనడాకూ వలసపోయారు.

సరిగ్గా ఆ కష్టకాలంలోనే పల్లెల్లో పాత ఆట ఒకటి మళ్లీ లేచింది. అదే జైవ్. జంటగా చేతులు పట్టుకుని గిరగిరా తిరిగే ఆట అది. పాటలేమో అమెరికా పల్లెల నుంచి వచ్చిన కంట్రీ బాణీ. 2012లో నాథన్ కార్టర్ అనే కుర్ర గాయకుడు పాడిన 'వాగన్ వీల్' ఊరూరా మోగిపోయింది. 1950, 60లలో తాతలూ అవ్వలూ ఆడిన ఆటను మనవలు అందుకున్నారు. ఊళ్లో మిగిలిన నలుగురూ కలుసుకోవటానికి ఒక చోటు దొరికింది. ఇందులో తప్పేముంది?

అయితే అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ హాలు ఎవరిది?

లీట్రిమ్ జిల్లాలో ఎఫ్రినా అనే చిన్న ఊరుంది. 1921లో జిమ్మీ గ్రాల్టన్ అనే కమ్యూనిస్టు, ఊరివాళ్లతో కలిసి అక్కడొక హాలు కట్టాడు. అందులో డాన్సులు జరిగేవి, చదువులు చెప్పేవారు, భూమి తగాదాలు తీర్చేవారు. భూస్వాములు వెళ్లగొట్టిన కౌలుదార్లను తిరిగి పొలాల్లోకి దింపటానికి ఆయన ముందు నిలిచాడు. భూస్వాములకు కడుపుమండదూ? చర్చి ఫాదర్లు ఆ డాన్సులు పాపమన్నారు. 1932 క్రిస్మస్ ముందురోజు రాత్రి హాలు తగలబడింది. 1933లో, విచారణైనా లేకుండా, సొంత దేశం నుంచే ఆయన్ని అమెరికాకు వెళ్లగొట్టారు. 1945లో న్యూయార్కులోనే కన్నుమూశాడు. 1935లో చట్టం తెచ్చి, లైసెన్సు లేనిదే బహిరంగంగా డాన్సు పెట్టకూడదన్నారు.

మరి లాభం కోసం హాళ్లు నడిపినవాళ్ల సంగతి? ఊరూరా డాన్సు హాళ్లు పెట్టి గడించిన ఆల్బర్ట్ రేనాల్డ్స్ 1992లో దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు!

చూశారుగా తేడా. ఆట ఒక్కటే. టిక్కెట్టు డబ్బులు రాల్చే హాలుకు గౌరవం, భూమి గురించి మాట్లాడే హాలుకు నిప్పు. 2016లో దేశాధ్యక్షుడు మైకేల్ హిగిన్స్ ఎఫ్రినాకు వెళ్లి, గ్రాల్టన్‌కు జరిగింది అన్యాయమని ఒప్పుకున్నాడు. ఎనభైమూడేళ్లు పట్టింది ఆ మాటకు!

కాబట్టి కుర్రాళ్లు ఎగిరితే ఎగరనివ్వండి. కాలు కదిపిన చోటే నోరూ విప్పగల హాలు వాళ్లకుందా లేదా, అది చూడండి. ఊరి చెమటతో కట్టుకున్న హాలుకు ఊరే యజమాని. అక్కడ పాట అయిపోయాక, 'మన పని ఎందుకు పోయింది, మనవాళ్లు ఎందుకు వలసపోయారు' అని అడగటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.