నరమామిడి లెక్క ఎవరు రాయాలి?

ఎముక విరిగితే నరమామిడి చెక్క (బెరడు) నూరి పట్టు వేయడం ఉత్తరాంధ్రలో పాత వైద్యం. చెట్టుకు ముప్పు మాత్రం ఆ వైద్యం వల్ల రాలేదు. ఈ బెరడు పొడి తడిస్తే జిగురవుతుంది. అగరబత్తి పిండి పుల్లకు పట్టుకోవడానికి దాన్ని కలుపుతారు. వైద్యుడికి గుప్పెడు చాలు, పరిశ్రమకు బస్తాలు కావాలి.

బెరడు ఒలిస్తే ఏమవుతుంది? ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. కాండం చుట్టూ ఒలిచేస్తే ఆ దారి తెగి, చెట్టు నిలువునా ఎండుతుంది. ఒక పక్క సన్నని పట్టీ తీస్తే గాయం మానే వీలుంటుంది. ఇంకో చిక్కుంది. నరమామిడి ఏకలింగాశ్రయి (ఆడపూలు ఒక చెట్టుకు, మగపూలు మరో చెట్టుకు పూసే జాతి). కొండ మీద ఇరవై చెట్లు మిగిలినా అన్నీ మగవే అయితే విత్తనం పడదు. అందుకే చెట్లు లెక్కపెడితే చాలదు. ఏది కాస్తుందో చెప్పగలిగేది ఏటా అటు తిరిగేవాళ్లే.

విడ్డూరమేమిటంటే, రీయూనియన్, మారిషస్ దీవుల్లో ఇదే చెట్టు బయటి నుంచి వచ్చి స్థానిక అడవిని కమ్మేస్తోంది. అంతరించే జాతుల ప్రపంచ జాబితా చూసి మన కొండ సంగతి తేల్చలేం. ఎక్కడి లెక్క అక్కడ రాయాల్సిందే.

దానికి చట్టంలో చోటుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ వేయాలి. 2004 నిబంధనలు అందులో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు ఉండాలన్నాయి. కమిటీ ముఖ్యమైన పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ (ఊళ్లో ఏ జీవజాతులున్నాయి, ఎవరెలా వాడుతున్నారు అన్నది ఊరివాళ్లను అడిగి రాసే పుస్తకం) తయారుచేయడం. 38వ సెక్షన్ కింద కేంద్రం రాష్ట్రాన్ని సంప్రదించి, అంతరించే దశలో ఉన్న జాతులను ప్రకటించవచ్చు. వాటి సేకరణను నియంత్రించి, తిరిగి పెంచే చర్యలు తీసుకోవచ్చు. పైన తీసుకునే నిర్ణయానికి కింద రాసిన పుస్తకమే ఆధారం కావాలి.

అమెరికాలో 1988 చట్ట సవరణ నుంచి, ఇలాంటి జాతుల పునరుద్ధరణ ప్రణాళికను ఖరారు చేసే ముందు ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. అక్కడ నిపుణులు రాసింది జనం చూస్తారు. ఇక్కడ జనం చెప్పింది ముందు రాయాలి. కాగితం మీద మన పద్ధతే మేలు.

ఆచరణ వేరు. రిజిస్టర్లన్నీ 2020 జనవరి 31కల్లా పూర్తి కావాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. గడువు కోసం రాసిన పుస్తకం పేర్ల పట్టికగా మిగిలిపోతుంది. ‘నరమామిడి, ఔషధ మొక్క’ అన్న ఒక్క వరుసతో ఏ ప్రణాళికా వేయలేం. చెట్టు ఏ గట్టు మీదుంది, ఏ నెలలో కాస్తుంది, చెక్క ఎవరు తీస్తారు, ఎవరికి అమ్ముతారు అన్నవి ఉండాలి.

మా శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మైదానం. ఏ గుట్ట మీదో, చెరువు గట్టునో చెట్టు ఉంటే ఇక్కడి పుస్తకంలో ఎక్కించవచ్చు. కానీ తెలిసిన చేతులు ఎక్కువగా సీతంపేట కొండల్లోని సవరలవి. 2022 ఏప్రిల్‌లో సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. కాబట్టి రెండు జిల్లాల పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివేవాళ్లు కావాలి.

సేకరణను పూర్తిగా నిషేధిస్తే? చెక్క అమ్ముకునేవాడికి రాబడి పోతుంది. చెట్టు ఎక్కడుందో చెప్పాల్సిన అవసరమూ పోతుంది. తపసి చెట్టు జిగురు విషయంలో మరో దారి పట్టారు. గొడ్డలితో లోతుగా నరకడం మాని, చిన్న గాటు పెట్టి గాయం మానేదాకా ఆగడం గిరిజనులకు నేర్పారు. గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ ఆ పని చేశాయి. కాకపోతే తపసిలో అమ్ముడయ్యేది జిగురు, నరమామిడిలో బెరడే. అదే పాఠం ఇక్కడ సరిపోదు. ఎంత వెడల్పు పట్టీ తీస్తే చెట్టు కోలుకుంటుందో కొన్ని చెట్లకు గుర్తులు పెట్టి కొన్నేళ్లు చూడాలి. కాసే చెట్లను ముట్టుకోకుండా వదలాలి. ఆ గుర్తులు పెట్టేటప్పుడు చెక్క తీసేవాళ్లు పక్కన లేకపోతే, ఏవి కాసే చెట్లో చూపించేవాళ్లు ఉండరు.