రోగిని బతికించాలా, రక్తం తాగాలా?: 'వాంపైర్' ఆట బలాలు, లోపాలు

ప్రాణాలు నిలబెట్టాల్సిన వైద్యుడే చీకటి పడితే మనుషుల రక్తం కోసం అలమటిస్తే? 2018 జూన్‌లో విడుదలైన 'వాంపైర్' అనే కంప్యూటర్ గేమ్ ఈ చిక్కుముడి చుట్టూ తిరుగుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన డోంట్‌నాడ్ సంస్థ దీన్ని రూపొందించింది. ఇది రోల్ ప్లేయింగ్ గేమ్. అంటే ఆడేవారు ఒక పాత్రలోకి ప్రవేశించి, ఆ పాత్ర తరఫున మాట్లాడతారు, నిర్ణయాలు తీసుకుంటారు, వాటి ఫలితాలనూ భరిస్తారు.

కథ 1918 నాటి లండన్‌లో జరుగుతుంది. రక్తమార్పిడిలో నిపుణుడైన డాక్టర్ జొనాథన్ రీడ్ యుద్ధరంగం నుంచి తిరిగివచ్చి రక్తపిశాచిగా మారిపోతాడు. నగరాన్ని స్పానిష్ ఫ్లూ కమ్మేసింది. పెంబ్రోక్ అనే ఆస్పత్రిలో అతనికి రాత్రి విధుల ఉద్యోగం దొరుకుతుంది. అక్కడి నుంచి వైద్యుడి ధర్మానికీ, పిశాచి ఆకలికీ మధ్య పోరాటం మొదలవుతుంది.

కల్పన వెనుక చరిత్ర

పిశాచాలు కల్పన కావచ్చు, మహమ్మారి మాత్రం నిజం. 1918లో మొదలైన ఆ ఫ్లూ ప్రపంచ జనాభాలో దాదాపు మూడో వంతుకు సోకిందని, కనీసం 5 కోట్ల మందిని బలి తీసుకుందని అంచనా. బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా చనిపోయారు. బొంబాయి రేవు మీదుగా మన దేశంలోకి వచ్చి కోటికి పైగా ప్రాణాలు తీసింది.

కథానాయకుడి వృత్తి కూడా ఆ కాలానికి అతికినట్టు సరిపోయింది. కార్ల్ లాండ్‌స్టీనర్ రక్త వర్గాల గురించి 1901లో ప్రకటించారు. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపే పద్ధతి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వాడుకలోకి వచ్చింది. 1917లో ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే సైనిక వైద్యుడు రక్తాన్ని ముందుగానే సేకరించి, చల్లగా నిల్వ ఉంచి, గాయపడిన సైనికులకు ఎక్కించారు. రక్తమార్పిడి కొత్త శాస్త్రంగా ఎదుగుతున్న రోజుల్లో రక్త నిపుణుణ్నే రక్తపిశాచిని చేయడం రచయితల తెలివైన ఎంపిక.

ప్రధాన బలం: ప్రతి మనిషికీ ఒక కథ

ఆటలోని లండన్‌లో రేవు ప్రాంతం, వైట్‌చాపెల్, ఆస్పత్రి, సంపన్నుల వెస్ట్ ఎండ్ అని 4 ప్రాంతాలున్నాయి. వాటిలో దాదాపు 60 మంది పౌరులు ఉంటారు. ప్రతి ఒక్కరికీ పేరు, వృత్తి, బంధాలు, దాచుకున్న రహస్యాలు ఉన్నాయి. జలుబు, తలనొప్పి, నీరసం వంటివి వారికి వస్తుంటాయి. మందు ఇవ్వకపోతే అవి ముదురుతాయి. రోగులు పెరిగితే ఆ ప్రాంతం మొత్తం ఆరోగ్యం దిగజారుతుంది. పూర్తిగా కూలిపోతే అక్కడి మనుషులను కోల్పోవాల్సిందే.

ఎవరి రక్తమైనా తాగితే అనుభవ పాయింట్లు వస్తాయి, వాటితో శక్తులు పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తానికి విలువ ఎక్కువ. వారి గురించి ఎంత తెలుసుకుంటే అంత ఎక్కువ పాయింట్లు. కాబట్టి జబ్బు నయం చేయడం, కష్టసుఖాలు అడగడం అనే మంచి పనులే ఆ మనిషిని మరింత విలువైన ఆహారంగా మారుస్తాయి. రోగిని మనిషిగా చూస్తున్నామా, అంకెగా చూస్తున్నామా అన్న ప్రశ్నను ఉపన్యాసంతో కాకుండా ఆట లెక్కలతోనే అడగడం దీని గొప్పతనం. పైగా కోరుకున్న చోట సేవ్ చేసుకునే వీలు లేదు. ఒకసారి ప్రాణం తీస్తే వెనక్కి వెళ్లి దిద్దుకోలేరు.

ఆట తడబడే చోట

పోరాటాలు ఈ ఆటకు బలహీనత. అవే రకం శత్రువులు మళ్లీ మళ్లీ ఎదురవుతారు. దూర ప్రాంతానికి ఒక్క నొక్కుతో చేరే సదుపాయం లేనందున దాటిన వీధులనే మళ్లీ దాటాలి. సంభాషణలో ఒక తప్పు ఎంపిక చేస్తే కొన్ని రహస్యాలు శాశ్వతంగా చేజారతాయి.

ఎవరినీ చంపకుండా ఆడేవారికి శక్తులు నెమ్మదిగా పెరుగుతాయి, పోరాటాలు కష్టమవుతాయి. ప్రలోభానికి బలం ఇచ్చేది ఆ కష్టమే. 2018 సెప్టెంబరులో వచ్చిన అప్‌డేట్, పోరాటాలను తేలిక చేసే 'స్టోరీ మోడ్'ను జోడించింది. కథ మాత్రమే కావాలనుకునేవారికి అది మేలే. కానీ గెలవడం సులువైతే రక్తం తాగాల్సిన అవసరమూ తగ్గుతుంది. పోరాటం మీద విసుగు పోగొట్టే మార్పే నైతిక సంఘర్షణనూ పలుచన చేస్తుంది.

సైన్స్ కోణంలో లోపం

ఆటలో డాక్టర్ రీడ్ స్వయంగా కలిపిన మందు ఒక్క మోతాదు ఇస్తే న్యుమోనియా, సెప్సిస్ కూడా నయమవుతాయి. 1918లో ఏ వైద్యుడి చేతిలోనూ అలాంటి మందు లేదు. ఫ్లూకు ఒక బ్యాక్టీరియా కారణమని అప్పట్లో చాలామంది నమ్మారు. మనిషికి సోకే ఫ్లూ వైరస్‌ను లండన్ శాస్త్రవేత్తలు వేరుచేసింది 1933లో. పెన్సిలిన్‌ను కనుగొన్నది 1928లో, అది రోగులకు విస్తృతంగా అందింది 1940లలో. ఫ్లూ తర్వాత వచ్చే బ్యాక్టీరియా న్యుమోనియాతోనే చాలామంది చనిపోయారు. నాటి వైద్యులు ఇవ్వగలిగింది ఆస్పిరిన్, విశ్రాంతి, మంచి పరిచర్య మాత్రమే.

అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. మాస్కులు, గాలి వెలుతురు, జనం గుమిగూడకుండా చూడటం వంటి చర్యలు అనేక నగరాలు అప్పట్లో చేపట్టినవే. ఆటలో అలాంటి నిర్ణయాలు తీసుకునే అవకాశం లేదు. ఊరి ఆరోగ్యమంతా ఒక్క వైద్యుడి మందుల సంచి మీదే ఆధారపడుతుంది. చివరికి మహమ్మారి మూలాన్ని కథ అతీత శక్తులకే అంటగడుతుంది.

అందుకే దీన్ని వైద్య చరిత్ర పాఠంగా తీసుకోకూడదు. హింస, రక్తపాతం ఎక్కువ కనుక పిల్లలకు అసలే తగదు. కానీ ఒక వ్యక్తి చనిపోతే అతనితో ముడిపడిన కుటుంబం, వీధి, పేట ఎలా మారిపోతాయో ఆటగాడి చేతనే చేయించి చూపడంలో మాత్రం 'వాంపైర్' విజయం సాధించింది. దీని లోపాలను ఓర్చుకుని ఆడటానికి ఆ ఒక్క కారణం చాలు.